రంధ్రం పడిన తరువాత

అర్ధరాత్రి దాటి 2 గంటలవుతుండగా, శంషాబాద్ విమానాశ్రయంలో ఒక మూలన నిలిపి ఉంచిన విమానంలోకి ఎక్కి, తలుపులన్నీ బిగించి, తోకలో ఉండే ఏపీయూ అనే చిన్న ఇంజిన్ నుంచి వచ్చే గాలిని లోపలికి నింపుతూ, ఒక్కొక్క తలుపు దగ్గర మోకాళ్ల మీద కూర్చుని దాని అంచుకు చెవి ఒగ్గి వినడం చాలా ఏళ్లుగా నా ఉద్యోగంలో భాగం. మా వాడుకలో దీన్ని లీక్ చెక్ అంటాం. గాలి చేరేకొద్దీ చెవుల్లో ఎవరో వేలు పెట్టి నొక్కుతున్నట్టు ఉంటుంది. గుటక వేస్తే ఒక్కసారి విడిపోయి, కాసేపటికి మళ్లీ బిగుసుకుంటుంది. జలుబు చేసినవాళ్లను ఈ పనికి లోపలికి రానివ్వం. తలుపు చుట్టూ ఉండే రబ్బరు సీల్‌లో గోటి వెడల్పు చిరుగు ఉన్నా ఆ చోట సన్నని ఈల వినిపిస్తుంది. పల్చటి టిష్యూ కాగితం ముక్కను అక్కడ పెడితే అది తనంతట తానే వెళ్లి అంచుకు అతుక్కుంటుంది. తరువాత గాలి సరఫరా ఆపి, మీటరు ముల్లు ఎంతసేపట్లో ఎంత దిగుతుందో స్టాప్‌వాచ్ పట్టుకుని చూసి, ఆ లెక్క పుస్తకంలో రాసి సంతకం చేస్తాం.

ఈ పని చేసేవాడిగా నాకు తరచూ ఎదురయ్యే ప్రశ్న ఒకటుంది: విమానానికి రంధ్రం పడితే మనుషులందరినీ బయటికి లాగేస్తుందా అని. బయటి గాలి ఎవరినీ లాగదు, లోపలి గాలే తోస్తుంది. రంధ్రం పక్కనే బెల్టు పెట్టుకోకుండా కూర్చున్నవారికి ఆ తోపు ప్రాణాంతకమే. అయితే పీడనం పోయిన ప్రమాదాల నివేదికలను నేను చదివినంతలో, రంధ్రం ఒక్కటే విమానాన్ని కూల్చిన సందర్భాలకన్నా, రంధ్రం పడిన తరువాత గాలి దారి వెతుక్కుంటూ వెళ్లి దేన్ని విరిచింది, ఎవరి తెలివిని కమ్మేసింది అన్నదానివల్ల కూలినవే నన్ను ఎక్కువగా కలవరపెట్టాయి. ఆ రెండో దెబ్బ గురించే ఇక్కడ రాస్తున్నాను.

ముందు బరువు సంగతి చెప్పాలి. 35,000 అడుగుల ఎత్తున బయటి గాలి పీడనం సముద్ర మట్టంలో ఉండేదానిలో పావు వంతు కూడా ఉండదు. లోపల మాత్రం మనం సుమారు 8,000 అడుగుల కొండ మీద ఉన్నంత పీడనం నిలుపుతాం. ఆ రెంటికీ మధ్య తేడా చదరపు సెంటీమీటరుకు అర కిలో పైచిలుకు ఉంటుంది. వినడానికి ఇది చిన్న సంఖ్యే గానీ, 25 సెంటీమీటర్ల వెడల్పు, 35 సెంటీమీటర్ల ఎత్తు ఉన్న కిటికీ మీద లెక్క కడితే 450 కిలోలు దాటుతుంది, చదరపు మీటరున్నర తలుపు మీదనైతే ఏడెనిమిది టన్నులవుతుంది. ప్రయాణికుడు మోచేయి ఆనించి నిద్రపోయే ఆ గోడ ప్రయాణం పొడవునా ఈ భారాన్ని మోస్తూనే ఉంటుంది, దిగగానే దించుకుంటుంది, మళ్లీ ఎక్కగానే ఎత్తుకుంటుంది.

ఈ భారాన్ని తలుపు రెండు విధాలుగా మోయవచ్చు. మన వంటింట్లోని కుక్కర్లే దానికి మంచి ఉదాహరణ. ఒక రకం కుక్కర్ మూత పాత్ర లోపలికి దూరి, అంచుకు కింది నుంచి ఆనుకుంటుంది. లోపల ఆవిరి పెరిగేకొద్దీ మూత మరింత గట్టిగా బిగుసుకుంటుందే తప్ప, ఎవరెంత లాగినా ఊడిరాదు. రెండో రకం మూత పైనుంచి కూర్చుంటుంది, దాన్ని పట్టి ఉంచేవి అంచున ఉండే పళ్లు మాత్రమే. ఆ పళ్లు సరిగా పడకపోయినా, అరిగిపోయినా, తొందరపడి ఎవరైనా బలవంతంగా తిప్పినా, 120 డిగ్రీల వేడిలో ఉన్న నీరు పీడనం పోయిన క్షణంలోనే కుతకుతమని ఆవిరై, పప్పుతో సహా ముఖం మీదికి ఎగజిమ్ముతుంది. విమానాల్లో ప్రయాణికుల తలుపులు చాలావరకు మొదటి రకం సూత్రం మీద చేసినవి. సామాను గదుల తలుపుల్లో కొన్ని మాత్రం, లోపల స్థలం కలిసివస్తుందని, బయటికి తెరుచుకునేలా చేశారు. అంటే అవి పూర్తిగా గొళ్లేల మీద ఆధారపడినవి.

డీసీ-10 విమానం వెనక సామాను గది తలుపు అటువంటిదే. 1972 జూన్ 12న కెనడాలోని విండ్సర్ మీదుగా వెళ్తున్న ఒక డీసీ-10లో, ఎక్కీ ఎక్కని గొళ్లేలతో బయలుదేరిన ఆ తలుపు గాలిలో ఊడిపోయింది. సామాను గదిలోని గాలి ఒక్కసారిగా బయటికి పోయింది. దాని పైన ప్రయాణికులు కూర్చున్న గదిలోని గాలి మాత్రం అంత వేగంగా కిందికి దిగే దారి లేక అక్కడే ఉండిపోయింది. మధ్యనున్న నేల మీద చదరపు మీటరుకు టన్నుల లెక్కన బరువు పడింది. విమానం నేల పైన నిలబడే మనుషులను, కుర్చీలను మోయడానికి చేసినదే తప్ప ఆ బరువుకు చేసినది కాదు. వెనక భాగంలో అది కుంగిపోయింది. తోకను, వెనక ఇంజిన్‌ను నడిపే తీగలు వెళ్లేది ఆ నేల కిందనుంచే కాబట్టి, కొన్ని తెగాయి, కొన్ని ఇరుక్కున్నాయి. ఆనాడు విమానంలో జనం తక్కువ కాబట్టి నేల మీది బరువూ తక్కువే. కెప్టెన్ బ్రైస్ మెక్‌కార్మిక్ అంతకుముందే సిమ్యులేటర్‌లో ఇంజిన్ల శక్తిని అటూ ఇటూ మారుస్తూ విమానాన్ని నడపడం సాధన చేసి ఉన్నాడు. అందరూ ప్రాణాలతో డెట్రాయిట్‌లో దిగారు.

ఆ తరువాత 15 రోజులకు, ఆ విమానపు దేహాన్ని తయారుచేసిన కంపెనీలో పనిచేసే డాన్ యాపిల్‌గేట్ అనే ఇంజనీరు తన పై అధికారులకు ఒక లేఖ రాశాడు. ఈ తలుపులు మళ్లీ ఊడక తప్పదని, ఊడినప్పుడు సాధారణంగా విమానమే పోతుందని అందులో హెచ్చరించాడు. ఆ లేఖ ఫైలు దాటి బయటికి రాలేదు. 1974 మార్చి 3న పారిస్‌లోని ఓర్లీ నుంచి బయలుదేరిన టర్కిష్ ఎయిర్‌లైన్స్ వారి మరో డీసీ-10, 12,000 అడుగులు కూడా చేరకముందే అదే తలుపును పోగొట్టుకుంది. నేల కుంగింది, రెండు వరుసల కుర్చీలు మనుషులతో సహా బయటికి పోయాయి, తీగలన్నీ తెగాయి. ఎర్మనన్‌విల్ అడవిలో 346 మంది చనిపోయారు. తలుపుకు చేయాల్సిన ఒక సవరణ ఆ విమానానికి చేసినట్టు కాగితాల్లో ఉంది, విమానంలో మాత్రం లేదు. తలుపు మీద హెచ్చరిక ఇంగ్లీషులోనూ టర్కిష్‌లోనూ రాసి ఉండగా, ఆ రోజు తలుపు మూసిన కార్మికుడికి ఆ రెండు భాషల్లో ఏదీ చదవడం రాదు. తప్పుగా మూసిన గొళ్లేన్ని కూడా చేతి బలంతో సరిగ్గా మూసినట్టు కనిపించేలా చేయగలిగే పిడిని అతని చేతికిచ్చి, తరువాత అతని పేరు పత్రికల్లో వేయడం న్యాయమని నాకు ఏనాడూ అనిపించలేదు.

ఈ ప్రమాదం తరువాత వచ్చిన మార్పును ఇప్పుడు విమానమెక్కే ఎవరైనా కూర్చున్న చోటునుంచే చూడవచ్చు. కిటికీ పక్క సీట్లో కూర్చుంటే, మీ పాదాల పక్కన గోడ అడుగున సన్నని చీలికలున్న ప్యానెల్ ఒకటి ఉంటుంది. చాలామంది దాన్ని ఏసీ జాలీ అనుకుంటారు. కింది సామాను గదిలో పీడనం అకస్మాత్తుగా పోతే, పై గాలి నేలను విరవకుండా ఆ దారిన కిందికి దిగిపోవాలి. తనిఖీలో నేను ఆ ప్యానెళ్ల దగ్గర కొంచెం ఎక్కువసేపే ఆగుతాను. దుప్పట్లు, చెత్త, పిల్లల బొమ్మలు అక్కడ ఇరికి ఉంటాయి. వాటిని తీసేటప్పుడు ఆ అడవి గుర్తుకు రాకుండా ఉండదు.

1985 ఆగస్టు 12న జపాన్‌లో కూలిన బోయింగ్ 747 విమానం కథ కూడా ఇదే దారిది. ఏడేళ్ల క్రితం, 1978లో, దిగేటప్పుడు తోక నేలకు రాసుకున్నందువల్ల వెనక పీడన గోడకు మరమ్మతు చేశారు. రెండు వరుసల రివెట్లు మోయాల్సిన భారాన్ని ఒకే వరుస మోసేలా అతుకు పట్టీ పడింది. ఏడేళ్లు అది మోసింది. తెగిన రోజు లోపలి గాలి తోకలోకి దూసుకెళ్లి నిలువు రెక్కను చీల్చింది, విమానాన్ని తిప్పే భాగాలను నూనె ఒత్తిడితో కదిలించే నాలుగు హైడ్రాలిక్ వ్యవస్థల గొట్టాలూ ఆ చోటనే ఉన్నందున నాలుగూ ఖాళీ అయిపోయాయి. 524 మందిలో నలుగురు మిగిలారు. ఒకటి పోతే మరొకటి ఉంటుందని నాలుగు పెట్టినవారు, నాలుగింటినీ ఒకే గాలి తాకగల చోటుకు చేర్చారు.

నా వృత్తికి అన్నింటికన్నా దగ్గరగా వచ్చే కథ మాత్రం బోల్టులది. 1990 జూన్ 10న బర్మింగ్‌హామ్ నుంచి మలాగాకు బయలుదేరిన బీఏసీ 1-11 విమానం 17,300 అడుగులకు చేరేసరికి కెప్టెన్ ముందున్న అద్దం ఊడిపోయింది. కెప్టెన్ టిమ్ లంకాస్టర్ నడుము దాకా బయటికి పోయి, కాళ్లు కంట్రోళ్లలో ఇరుక్కుని, వీపు కప్పుకు ఆని వేలాడాడు. కాక్‌పిట్ తలుపు విరిగి రేడియో పరికరాల మీద పడింది. నైజెల్ ఆగ్డెన్ అనే క్యాబిన్ సిబ్బంది లోపలికి దూకి కెప్టెన్‌ను నడుము దగ్గర ఒడిసిపట్టుకున్నాడు. చేతులు గడ్డకట్టిపోతుంటే ఇతర సిబ్బంది వచ్చి అందుకున్నారు. కెప్టెన్ చనిపోయాడనే అందరూ అనుకున్నారు, అయినా వదిలితే ఇంజిన్‌కో తోకకో తగులుతాడని వదల్లేదు. కో-పైలట్ అలస్టర్ అచిసన్, గాలి హోరులో నేల మీది కంట్రోల్ వారి మాట వినబడకపోయినా, విమానాన్ని సౌతాంప్టన్‌లో దించాడు. కెప్టెన్ బతికాడు.

ఆ అద్దాన్ని బిగించింది 27 గంటల ముందు, రాత్రి షిఫ్టులో. 90 బోల్టుల్లో 84 బోల్టుల వ్యాసం ఉండాల్సినదానికన్నా 0.66 మిల్లీమీటరు తక్కువ, మిగిలిన 6 పొడవులో తక్కువ. మనుషులు తక్కువున్న రాత్రి, వెలుతురు చాలని స్టోర్‌లో, పుస్తకంలో నంబరు చూడకుండా పాత బోల్టును చేతిలో పెట్టుకుని దానికి జతగా కనిపించినవి ఏరుకొచ్చాడు బిగించిన మనిషి. 0.66 మిల్లీమీటరంటే ఎంతో తెలియాలంటే, రెండు పోస్టుకార్డులను కలిపి వేళ్ల మధ్య పట్టుకుని చూడండి. వేలి స్పర్శకు తెలియదు. నేనూ రాత్రి 3 గంటలకు స్టోర్ డబ్బాల ముందు నిలబడ్డవాణ్ణే కనుక, అతన్ని అజాగ్రత్తపరుడని ఒక్క మాటతో తీసిపారేయలేను. ఆ అద్దం బయటినుంచి బిగించే రకం కాబట్టి లోపలి గాలి భారమంతా బోల్టుల మీదే పడింది. అద్దం లోపలినుంచి కూర్చునే రకమై ఉంటే, ఆ బోల్టులతోనే ఎన్నాళ్లో తిరిగి ఉండేది.

ఇక మనుషుల సంగతి. పీడనం ఒక్కసారిగా పోయినప్పుడు పెద్ద చప్పుడు వస్తుంది, గాలి చల్లబడి అందులోని తేమ తెల్లని మంచులా కమ్ముకుంటుంది, దాన్ని పొగ అనుకుని చాలామంది బెదిరిపోతారు. చెవుల్లో నొప్పి, పొట్టలోని గాలి ఉబ్బడం, చలి, దుమ్ము, ఎగిరే కాగితాలు, ఇవన్నీ ఆ క్షణంలో ఉంటాయి. ఊపిరి బిగబట్టకూడదు, ఎందుకంటే ఊపిరితిత్తుల్లోని గాలి వ్యాకోచించి వాటినే చీల్చగలదు. నోరు తెరిచి ఉంటే అది తనంతట తానే బయటికి పోతుంది. ఇంతవరకూ శరీరం మనకు కబురు చెప్తూనే ఉంటుంది. ఆ తరువాత జరిగేదానికి మాత్రం కబురుండదు.

బావిలో మునిగి నిమిషం పైన ఊపిరి బిగబట్టగలిగే ఈతగాడికి కూడా 35,000 అడుగుల మీద అంత గడువు దొరకదు. నీటి అడుగున ఉన్నప్పుడు ఊపిరితిత్తుల్లో మిగిలిన గాలినుంచి రక్తం ప్రాణవాయువును తీసుకుంటూనే ఉంటుంది. అంత ఎత్తున ఊపిరితిత్తుల్లో దాని పీడనం రక్తంలో కన్నా తగ్గిపోతుంది కాబట్టి, అది రక్తంలోనుంచి ఊపిరితిత్తుల్లోకి వెనక్కి వచ్చేస్తుంది. ఒక్కొక్క ఊపిరితో మనం ప్రాణవాయువును పోగొట్టుకుంటాం. తెలివిగా పని చేసుకోగల సమయం 25,000 అడుగుల దగ్గర 3 నుంచి 5 నిమిషాలు, 35,000 దగ్గర 30 నుంచి 60 సెకండ్లు, 40,000 దగ్గర 15 నుంచి 20 సెకండ్లు అని వైమానిక వైద్యంలో చెబుతారు. పీడనం హఠాత్తుగా పోతే ఇది దాదాపు సగానికి పడిపోవచ్చు. అయినా ఊపిరాడనట్టు అనిపించదు. మనకు ఉక్కిరిబిక్కిరిని కలిగించేది లోపల పేరుకునే బొగ్గుపులుసు వాయువు, అది మామూలుగానే బయటికి పోతూ ఉంటుంది.

దీన్ని నాకు పుస్తకాలకన్నా బాగా చెప్పింది మా మావయ్య. ఆయన వాయుసేనలో రవాణా విమానాల మీద ఫ్లైట్ ఇంజినీరుగా చేసి రిటైరయ్యారు. శిక్షణలో భాగంగా బెంగళూరులోని వైమానిక వైద్య సంస్థలో పీడనం తగ్గించే గదిలో కూర్చోబెట్టి, 25,000 అడుగుల స్థాయికి తీసుకెళ్లి మాస్కు తీయించారట. చేతికి ఒక పలక లాంటి అట్ట ఇచ్చి, వంద నుంచి ఏడేసి తగ్గిస్తూ రాయమన్నారట.

“భయం వేయలేదా మావయ్యా?” అని అడిగాను.

“భయం వేస్తే మాస్కు పెట్టుకుందును కదరా. హాయిగా ఉంది. బ్రహ్మాండంగా రాసేస్తున్నాననుకున్నాను. పక్కనున్నవాడు మాస్కు పెట్టుకోమని మూడుసార్లు చెప్పాడట, నాకు వినిపించింది గానీ అది నాకు చెప్తున్నట్టు అనిపించలేదు. చివరికి వాడే పెట్టాడు. కిందికొచ్చాక కాగితం చూపించారు. 93, 86 రెండూ బాగున్నాయి. 79 నాలుగుసార్లు రాశాను. తరువాత అంతా కోడి గెలికినట్టుంది.”

ఆ కాగితం ఆయన దగ్గర లేదు. ఉంటే నేను ఫ్రేము కట్టించి మా విమానాల షెడ్డులో పెట్టేవాణ్ణి.

2005 ఆగస్టు 14న సైప్రస్‌లోని లార్నకా నుంచి ఏథెన్స్ మీదుగా ప్రాగ్‌కు వెళ్లాల్సిన హీలియోస్ 522 విమానంలో ఏ రంధ్రమూ పడలేదు. ముందు రాత్రి వచ్చిన సిబ్బంది వెనక తలుపు దగ్గర మంచు, చప్పుడు ఉన్నాయని రాయగా, తెల్లవారుజామున నేల మీద లీక్ చెక్ చేశారు. ఈ టపా మొదట్లో నేను చెప్పిన పనే అది. ఆ చెక్ చేయడానికి పీడన నియంత్రణ సెలెక్టర్‌ను ఆటో నుంచి మాన్యువల్‌కు తిప్పాలి. అయిపోయాక అది మాన్యువల్‌లోనే ఉండిపోయింది. అట్లా ఉంటే లోపలి పీడనాన్ని విమానం తనంతట తాను నిలపదు. విమానం బయలుదేరేముందు, ఇంజిన్లు మొదలుపెట్టాక, గాలిలోకి లేచాక, మూడుసార్లు ఆ ప్యానెల్‌ను చూడాల్సిన సందర్భం వచ్చింది. మాన్యువల్ అని చెప్పే ఆకుపచ్చ లైటు వెలుగుతూనే ఉంది. పచ్చ లైటు ఎవరికీ ప్రమాదంలా కనిపించదు.

12,000 అడుగులు దాటగానే హారన్ మోగింది. లోపలి పీడనం తగ్గిందని చెప్పే ఆ హారన్, నేల మీద బయలుదేరేటప్పుడు రెక్కల అమరిక తప్పితే మోగే హారన్, రెండూ ఒకే ధ్వని. గాలిలో ఉన్నారు కాబట్టి ఇది తప్పుడు హెచ్చరిక అనుకున్నారు పైలట్లు. గాలి పల్చబడి పరికరాలను చల్లబరిచే వ్యవస్థ కూడా హెచ్చరిక వెలిగించడంతో, కెప్టెన్ దృష్టి దాని మీదికి మళ్లింది. నేల మీదున్న ఇంజనీరు పీడన ప్యానెల్ ఆటోలో ఉందా అని రేడియోలో అడిగాడు. కెప్టెన్ దానికి జవాబివ్వకుండా, చల్లబరిచే పరికరాలకు కరెంటు ఆపే బ్రేకర్లు ఎక్కడున్నాయని తిరిగి అడిగాడు. ఆ సంభాషణ చదివిన ప్రతిసారీ నాకు మావయ్య అట్ట మీద నాలుగుసార్లు రాసిన 79 కళ్లముందు కనిపిస్తుంది. ప్రశ్న చెవిన పడింది, అది తనను అడుగుతున్న ప్రశ్న అన్న సంగతి మాత్రం చేరలేదు.

వెనక ప్రయాణికుల మాస్కులు జారిపడ్డాయి. వాటిలో ప్రాణవాయువు వచ్చేది కొద్ది నిమిషాలే, 12 నుంచి 20 నిమిషాల లోపు. ఆలోగా పైలట్లు 10,000 అడుగులకు దించుతారన్న నమ్మకం మీద కట్టిన ఏర్పాటు అది. ఈ విమానం దిగకపోగా, ఆటోపైలట్ చేతిలో 34,000 అడుగులకు ఎక్కి, ఏథెన్స్ దగ్గర గుండ్రంగా తిరుగుతూ ఉండిపోయింది. పక్కకు వచ్చిన గ్రీకు ఎఫ్-16 యుద్ధ విమానాల పైలట్లకు కెప్టెన్ సీటు ఖాళీగా, కో-పైలట్ ముందుకు వాలిపోయి కనిపించారు. చాలాసేపటికి, చేతితో మోసుకెళ్లగల ఆక్సిజన్ సిలిండర్ సాయంతో మేలుకుని ఉన్న ఆండ్రియాస్ ప్రోద్రోము అనే క్యాబిన్ సిబ్బంది కాక్‌పిట్‌లోకి వచ్చి కెప్టెన్ సీట్లో కూర్చున్నాడు. అతనికి విమానం నడపడంలో కొంత శిక్షణ ఉంది. అప్పటికే ఇంధనం అయిపోవస్తోంది. గ్రామాటికో దగ్గర కొండల్లో 121 మందీ చనిపోయారు. పీడనానికి, బయలుదేరే అమరికకు వేర్వేరు హెచ్చరిక లైట్లు ఉండాలన్న నిబంధన ఆ తరువాతే వచ్చింది.

ఇటువంటిదే మన దేశంలో 2018 సెప్టెంబరు 20న జరిగింది. ముంబయి నుంచి జైపూర్‌కు బయలుదేరిన విమానంలో ఇంజిన్లనుంచి లోపలికి గాలి ఇచ్చే బ్లీడ్ స్విచ్‌లు వేయకుండానే ఎక్కారు. మాస్కులు పడ్డాయి, 166 మంది ప్రయాణికుల్లో సుమారు 30 మందికి చెవుల్లో, ముక్కుల్లో నొప్పి, రక్తం. అయితే ఆ సిబ్బంది సమయానికి గుర్తించి ముంబయికి వెనక్కి తెచ్చారు. పత్రికలన్నీ మరిచిపోయిన స్విచ్ గురించే రాశాయి. నాకు మాత్రం, తెలివి ఇంకా తమ చేతిలో ఉన్న ఎత్తులోనే వాళ్లు వెనక్కి తిరగడం ముఖ్యమనిపించింది.

మా అమ్మ మొదటిసారి అమెరికాకు, మా చెల్లి దగ్గరికి వెళ్లి వచ్చాక, విమానంలో చెప్పిన ఒక మాట తనకు నచ్చలేదంది. “పక్కన పసివాడుంటే వాడికి పెట్టకుండా ముందు నేను పెట్టుకోవడమేమిటిరా? ఏ తల్లి అయినా అట్లా చేస్తుందా?” అని అడిగింది. నేను లెక్క చెప్పాను. అమ్మా, నీకున్నది అర నిమిషం. వాడు గింజుకుంటాడు, మాస్కు లాగేసుకుంటాడు, వాడికి పెట్టేలోగా నీ చేతులు నీ మాట వినవు, అప్పుడు ఇద్దరికీ పెట్టేవాళ్లుండరు. నువ్వు ముందు పెట్టుకుంటే, వాడు పది సెకండ్లు సోలిపోయినా నువ్వు పెట్టగానే తేరుకుంటాడు. అమ్మ కాసేపు ఆలోచించి, “ఆ మాట అట్లా విడమరిచి చెప్పొచ్చు కదా వాళ్లు” అంది. ఆమె చెప్పింది నిజం. అందుకే మరో రెండు సంగతులు కూడా చెప్పాను: మాస్కును గట్టిగా కిందికి లాగితేనే ప్రాణవాయువు మొదలవుతుంది, దాని కింద సంచి ఉబ్బకపోయినా అది వస్తూనే ఉంటుంది.

2024 జనవరి 5న అమెరికాలోని పోర్ట్‌లండ్ నుంచి లేచిన 737 మాక్స్ 9లో, తలుపు స్థానంలో బిగించిన మూత సుమారు 14,800 అడుగుల దగ్గర ఊడిపోయింది. దాన్ని కదలకుండా ఉంచాల్సిన నాలుగు బోల్టులూ లేవు. ఆ పక్క రెండు సీట్లు ఖాళీగా ఉండబట్టి, అందరూ బెల్టులు పెట్టుకుని ఉండబట్టి ఎవరూ చనిపోలేదు. ఆ క్షణంలో కాక్‌పిట్ తలుపు తనంతట తానే తెరుచుకుపోయింది. పీడనం సమం కావడానికి అది అట్లా తెరుచుకునేలానే చేశారు గానీ, ఆ సంగతి పైలట్లకు ఎవరూ చెప్పలేదు. తయారుచేసినవారికి తెలిసి, నడిపేవారికి తెలియకుండా విమానంలో ఏదైనా ఉండటాన్ని నేను ఏ విధంగానూ సమర్థించలేను.

కొన్నేళ్ల క్రితం నేను చేసిన తప్పు ఒకటి చెప్పాలి. ఒక తెల్లవారుజామున లీక్ చెక్ ముగించి, ముల్లు లెక్కలు రాసి, సంతకం చేసి మెట్లు దిగాను. పైన లైట్లు ఆపడానికి వెళ్లిన కుర్రవాడు, చేరి ఆరు నెలలు కూడా కాలేదు, కిటికీలోనుంచి తల బయటపెట్టి, “సార్, పైన ఒక పచ్చ లైటు వెలుగుతోంది, అది ఉండొచ్చా?” అని అడిగాడు. నేను పరుగున పైకి వెళ్లాను. సెలెక్టర్ మాన్యువల్‌లో ఉంది. దాన్ని ఆటోకు తిప్పాను, పుస్తకంలో నా సంతకాన్ని కొట్టివేసి, జరిగింది జరిగినట్టు రాసి, షిఫ్టు ఇన్‌ఛార్జికి చెప్పి, మళ్లీ సంతకం చేశాను. హీలియోస్ నివేదికను ఆ నాటికే నేను రెండుసార్లు చదివి ఉన్నాను.

అప్పటినుంచి, చెక్ మొదలుపెట్టేముందు ఆ సెలెక్టర్ పిడికి మూరెడు ఎర్ర రిబ్బన్ కడుతున్నాను. కట్టేది నేను. విప్పేది మాత్రం ఆ రాత్రి ఆ చెక్‌లో లేని మరొకరు. వాళ్లు కాక్‌పిట్‌లోకి వచ్చి, పిడి ఏ గుర్తు దగ్గర ఉందో బయటికి చదివి, లైటు ఆరిందని చెప్పి, రిబ్బన్ తెచ్చి నా చేతిలో పెట్టాక గానీ నేను కలం తీయను.